ఆగమన్న మనిషిని వద్దన్నదని రాశాను

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ముప్పై నాలుగేళ్లలో కేస్ షీట్లలో నేను ఎక్కువసార్లు రాసిన ఇంగ్లీషు మాట ఏదని ఎవరైనా అడిగితే ‘రిఫ్యూజ్డ్’ అని చెబుతాను. ఆ మాట గురించే ఇది రాస్తున్నాను.

సూది వేయడం, కట్టు కట్టడం, సెలైన్ ఎక్కించడం మీకు ఎవరైనా నేర్పుతారు. షీటులో ఏ మాట రాయాలో మాత్రం సరిగ్గా నేర్పేవాళ్లు తక్కువ. ఒకదానికొకటి దగ్గరగా కనిపించే క్రియలు ఉంటాయి. ఒకటి రాయాల్సిన చోట ఇంకొకటి రాస్తే వ్యాకరణం తప్పు కాదు, ఎవరూ ఎర్ర గీత పెట్టరు. కానీ ఆ మాట చదివిన డాక్టరు వేరే పని చేస్తాడు. పేషెంటు బతుకు వేరే దారిలో పోతుంది.

ఏ ఊరి ఆసుపత్రో చెప్పను. అక్కడ నాతో పనిచేసినవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. ఇది రాయడానికి కూర్చుని రెండుసార్లు లేచిపోయాను. ఇప్పుడు మూడోసారి.

నేను నేర్చుకున్న ఇంగ్లీషు

మాది పుత్తూరు దగ్గర ఒక పల్లె. నాయన వేరుశనగ పండించేవాడు. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. నర్సింగు స్కూల్లో చేరితే అంతా ఇంగ్లీషు. నాకు దిక్కు ఒక పాత నిఘంటువు. అందులో రిఫ్యూజ్ అంటే నిరాకరించు. డినై అంటే నిరాకరించు. డిక్లైన్ అంటే కూడా నిరాకరించు. మూడింటికీ తెలుగు ఒకటే కాబట్టి ఏది రాసినా ఒకటే అనుకున్నాను.

మొదటి పోస్టింగులో మా హెడ్ నర్సు రోజమ్మ సిస్టర్. పుట్టింది కేరళలో, కానీ మా వైపు ఎన్నో ఏళ్లు పనిచేసి మాలాగే మాట్లాడేది. ఒకరోజు ఒక ముసలామె అన్నం తిననని పళ్లెం పక్కకు తోసేసింది. నేను షీటులో ‘పేషెంట్ వాజ్ డినైడ్ ఫుడ్’ అని రాశాను. రోజమ్మ సిస్టర్ అది చదివి నన్ను పిలిచింది.

“ఏంది పాపా, ముసిలామెకు అన్నం పెట్టకుండా చేసినావా?”

“లేదు సిస్టర్. పెడితే ఆమే వద్దనింది.”

“మరి నువ్వు రాసిందానికి అర్థం, ఆమె అడిగినా మనం పెట్టలేదని. ఆమె వద్దంటే రిఫ్యూజ్డ్. మనం ఇయ్యకపోతే డినైడ్. ఈ కాగితం పెద్దసారు చూసుంటే మనిద్దరినీ ఇంటికి పంపించేవాడు.”

వార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మొహం ఎర్రబడిపోయింది. ఆ రోజు నుంచి రిఫ్యూజ్డ్ అనే మాటను గట్టిగా పట్టుకున్నాను. రోజమ్మ సిస్టర్ ఇంకో మాట కూడా చెప్పింది. “వద్దు అనే మాట వాళ్ల నోట్లో నుంచి వస్తేనే అట్ల రాయి” అని. ఆ రెండో మాట నేను పట్టించుకోలేదు. మనకు బాగా వచ్చిందనుకున్న మాటను ఎక్కడ పడితే అక్కడ వాడేస్తాం. మందు చేదుగా ఉందని ముఖం తిప్పుకున్నవాడూ, నిద్ర మత్తులో నోరు తెరవనివాడూ, తర్వాత మింగుతానన్నవాడూ, నా షీట్లలో అందరూ రిఫ్యూజ్డే.

టీకి పోయిన మనిషి

శ్రీకాళహస్తి నుంచి ఒకాయన చేతికి పుండుతో వచ్చి చేరాడు. కలంకారీ బట్టల మీద బొమ్మలు వేసేవాడు. ఒక ఉదయం రౌండ్సుకు డాక్టరు వచ్చేసరికి ఆయన మంచం మీద లేడు. పక్కవాళ్లను అడిగితే తెలియదన్నారు. నేను ‘ఆబ్‌స్కాండెడ్’ అని రాసేశాను. చెప్పకుండా బయటికి పోవడం వేరు, పారిపోవడం వేరు. నేను రాసింది రెండోది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు.

అరగంటకు ఆయన పక్క మంచం పేషెంటుకు కూడా టీ పట్టుకుని వచ్చాడు.

“నేనేమన్నా దొంగనా మేడం, పారిపోయేదానికి?” అన్నాడు.

మంచం ఖాళీ లేక రెండు రోజులు చాప మీద పడుకున్నాడు. అప్పుడు మేం దాన్ని ఒక తమాషాలాగా చెప్పుకున్నాం. నేనైతే ఆయనను క్షమించమని కూడా అడగలేదు. ఆ తమాషా దగ్గరే నాకు బుద్ధి వచ్చి ఉంటే తర్వాతి సంగతి రాయాల్సిన పని ఉండేది కాదు.

అముద

అప్పటికి నాకు ఇరవై ఏళ్ల సర్వీసు. నగరి నుంచి మునిరత్నం అనే చేనేత కార్మికుణ్ణి తీసుకొచ్చారు. షుగరు. కుడికాలి వేళ్లు రెండు నల్లబడి చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. వెంట ఉన్నది భార్య అముద ఒక్కతే. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి.

పదకొండు గంటల రౌండ్సులో సర్జన్ గారు కాలు చూశారు. “రెండు వేళ్లు, ఆ చచ్చిన కండ తీసేయాలి. ఈ పొద్దే తీయాలి. లేటైతే పైకి పాకుతుంది” అన్నారు. జూనియర్ డాక్టరు అముదకు రెండు ముక్కల్లో చెప్పి, సంతకం తీసుకోమని నాకు చెప్పి వెళ్లిపోయాడు. నేను కాగితం తీసుకుని వెళ్లాను.

“ఈడ సంతకం పెట్టమ్మా.”

“ఏంటికి సిస్టరమ్మా?”

“ఆపరేషనుకు. డాక్టరు చెప్పినాడు కదా.”

“కాలు తీసేస్తారా?”

“వేళ్లమ్మా.”

“మగ్గం తొక్కే కాలు సిస్టరమ్మా అది.” భర్త వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. “మా బావ, ఈయన అన్న, తడలో పనిసేస్తాడు. ఫ్యాక్టరీలో సెప్పి బస్సెక్కినాడంట. సాయంత్రానికి వచ్చేస్తాడు. ఆయన్ను ఒక మాట అడిగి పెడతా. అంతవరకు ఆగండి.”

“ఆగేదానికి లేదు. పెడతావా, పెట్టవా?”

“ఆగమంటాండా సిస్టరమ్మా.”

వార్డులో నలభై మంది పేషెంట్లు, మేం ఇద్దరం. అటువైపు ఎవరికో సెలైన్ అయిపోయిందని పిలుస్తున్నారు. పేషెంటు వెంట ఉండే మనిషిని మేం అటెండర్ అంటాం. షీటు తీసి ‘అటెండర్ ఇన్‌ఫార్మ్‌డ్ అబౌట్ సర్జరీ. రిఫ్యూజ్డ్’ అని రాసి టైము వేసి సంతకం పెట్టాను. రాసింది ఐదు మాటలు. అందులో ఒకటి అబద్ధం, ఇంకొకటి సగం అబద్ధం.

సగం అబద్ధం ఇన్‌ఫార్మ్‌డ్. ఇన్‌ఫార్మ్ చేయడమంటే మాట చెవిన వేయడం. ఎక్స్‌ప్లెయిన్ చేయడమంటే ఎదుటి మనిషికి అర్థమయ్యేదాకా పక్కన కూర్చోవడం. వేళ్లు రెండు పోయినా నడవొచ్చనీ, మళ్లీ మగ్గం తొక్కొచ్చనీ, ఆగితే కాలే పోవచ్చనీ ఆమెకు ఎవరూ కూర్చుని చెప్పలేదు. ఐదు నిమిషాల పని. చెప్పి ఉంటే బావ కోసం ఆగకుండానే సంతకం పెట్టేదేమో.

రెండు గంటలకు నా డ్యూటీ అయిపోయింది. ఆపరేషన్ థియేటర్లో మునిరత్నానికి అనుకున్న టైము ఇంకొకరికి పోయింది. తర్వాత జరిగింది నేను విన్నదే. సాయంత్రం ఐదు గంటలకు వాళ్ల బావ వచ్చాడు. అముద పరుగున వెళ్లి, సంతకం పెడతామని సాయంత్రం డ్యూటీ నర్సుకు చెప్పింది. ఆమె షీటు చూసింది. “మీరు వద్దన్నారని రాసుండాది కదా. సర్జన్ గారు వెళ్లిపోయినారు. రేపు రౌండ్సులో చెప్పండి” అంది. మరునాడు నాకు వారానికోసారి వచ్చే సెలవు. సర్జన్ గారు వేరే ఊళ్లో క్యాంపుకు వెళ్లారు. ఆయన బదులు వచ్చిన డాక్టరు కూడా నా రాత చదివాడు. వద్దన్నవాళ్లకు చేసేదేముంది, మందులే కొనసాగించమని రాశాడు. అముద ఏదో చెప్పబోతే, రేపు పెద్దసారు వస్తారు, ఆయనతో మాట్లాడమన్నాడట.

మూడోరోజు ఉదయం నేను డ్యూటీకి వచ్చేసరికి పాదమంతా నల్లబడింది. ఆ మధ్యాహ్నం మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

చదివి చెప్పమన్నారు

ఆపరేషన్ అయ్యాక మునిరత్నం వాళ్ల అన్న వార్డులో నిలబడి అరిచాడు. “మూడు దినాలు ఈడ పెట్టుకోని ఏం సేసినారు మీరు?”

సర్జన్ గారు ఆగి, “మీవాళ్లే ఒప్పుకోలేదయ్యా. షీటులో ఉంది” అని వెళ్లిపోయారు. ఆయన తప్పేమీ లేదు. షీటులో ఉన్నదే చెప్పారు.

ఆ అన్న నా వైపు తిరిగాడు. “ఏం రాసుండాది సిస్టర్? సదివి సెప్పు.”

నేను షీటు తెరిచి, నా చేతిరాతే నేను చదివాను. “ఆపరేషనుకు ఒప్పుకోలేదు అని ఉండాది.”

“నేను ఆ మాట అన్లేదు సిస్టరమ్మా” అంది అముద. “ఆగమన్నాను. నువ్వే కదా ఆ పొద్దు ఉండేది.”

“ఏమో అమ్మా. నువ్వు ఏమంటే అదే రాసుంటాను.”

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కబురు తెలిసి వచ్చిన అముద అత్త నేల మీద కూలబడి ఏడుస్తోంది. బావ అముద మీదికి తిరిగాడు. “నువ్వు వద్దని సెప్పి, నాకోసరం ఆగినానని నామీద ఏస్తాండావా?” అన్నాడు. ఆయనకూ భయం ఉంది. తన కోసం ఆగడం వల్లే తమ్ముడి కాలు పోయిందంటే ఆయన ఎలా మోస్తాడు? వద్దంది అని కాగితం చెబుతోంది, అదీ ఇంగ్లీషులో, ఆసుపత్రి ముద్రతో. ఆ కాగితం ఆయనకు ఆసరా అయింది. నాకూ అయింది. నేను షీటు మూసేసి, పక్క మంచం దగ్గరికి వెళ్లి బీపీ చూశాను.

సూపరింటెండెంట్ గారు పిలిచి అడిగారు. “ఆమె వద్దందా?”

“సంతకం పెట్టలేదు సార్.”

“అంటే రిఫ్యూజ్ చేసినట్టే కదా.”

“అవును సార్.”

విచారణ అంతే. కొన్ని రోజుల తర్వాత సర్జన్ గారు నాతో, “షుగరు కాలు సిస్టర్, మొదటిరోజే చేసినా నిలిచేదని గ్యారంటీ లేదు” అన్నారు. అది నిజం కావచ్చు. నేను ఆ ఒక్క మాటను పట్టుకుని ఏళ్లకేళ్లు బతికాను. కాలు సంగతికి ఆ మాట సరిపోతుంది. అముద మీద పడిన నిందకు సరిపోదు. ఆ తేడా నాకు తెలుసు, తెలిసీ తెలియనట్టు ఉన్నాను.

హరిత పెన్ను ఇచ్చిన రోజు

కొన్నేళ్లకు నేను హెడ్ నర్సునయ్యాను. నా కింద హరిత అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఒకరోజు ఆమె షీటులో మూడు లైన్లు రాసింది. పేషెంటు భార్య కొడుకుతో మాట్లాడి చెబుతానందనీ, నాలుగు గంటలకు మళ్లీ అడగాలనీ, ఆ సంగతి డాక్టరుకు తెలియజేశాననీ.

“ఇంత కథ ఎందుకు? కొట్టేసి రిఫ్యూజ్డ్ అని రాయి” అన్నాను.

“ఆమె వద్దనలేదు కదా మేడం?”

“సంతకం పెట్టిందా?”

“ఇంకా పెట్టలేదు మేడం.”

“రెండూ ఒకటే. రాయి.”

ఆ అమ్మాయి పెన్ను నా ముందు పెట్టి, “మీరు రాయండి మేడం. నా చేత్తో నేను రాయలేను” అంది.

అక్కడ ఇంకో ఇద్దరు నర్సులు ఉన్నారు. మెమో ఇస్తానని గట్టిగా అరిచాను. కానీ పెన్ను ముట్టుకోలేదు. నాలుగు గంటలకు హరిత వెళ్లి అడిగింది, పేషెంటు భార్య వచ్చి సంతకం పెట్టింది, ఆపరేషన్ జరిగింది. ఎవరూ దాన్ని ఒక విశేషంగా చూడలేదు. నేను డ్రెస్సింగు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కూర్చున్నాను. రిఫ్యూజ్డ్ అని ఇన్నేళ్లు ఎందుకు రాస్తూ వచ్చానో ఆ రోజు ఒప్పుకున్నాను. అలా రాస్తే బాధ్యత పేషెంటు మీదికి పోతుంది, మన పని అయిపోతుంది. టైము అడిగింది అని రాస్తే మళ్లీ వెళ్లి అడగాల్సింది మనమే. నాకు ఇంగ్లీషు రాక కాదు. ఆ తేడా రోజమ్మ సిస్టర్ నాకు మొదటి ఏడాదే చెప్పింది.

హరితకు ఆ రోజు నేనేమీ చెప్పలేదు. రెండేళ్లకు ఆమెకు బదిలీ అయింది. వెళ్లేముందు వచ్చి కాళ్లకు దండం పెట్టబోతే వద్దన్నాను. అప్పుడూ ఏమీ చెప్పలేదు.

నగరి

రిటైరైన మరుసటి నెల తిరుపతిలో బస్సెక్కి నగరికి వెళ్లాను. వీధి పేరు గుర్తులేదు. రెండు చోట్ల అడిగితే “కాలు తీసేసిన మునిరత్నమా?” అని దారి చూపించారు. వీధి పొడవునా పవర్‌లూమ్‌ల చప్పుడు. అముద మధ్యాహ్నం అన్నానికి షెడ్డు నుంచి వచ్చింది. జుట్టంతా నూలు దుమ్ము. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

“ఆస్పత్రి సిస్టరమ్మవి కదా.”

వాకిట్లోనే చెప్పాను. నువ్వు వద్దనలేదు, ఆగమన్నావు, నేనే తప్పు రాశాను, ఆ రోజు తెలిసీ అబద్ధం చెప్పాను అని. చాలా రోజులు మనసులో అనుకున్న మాటలే.

ఆమె చెప్పులు విడుస్తూ, “నాకెందుకు సెప్తాండావు? నేనేమన్నానో నాకు తెలుసు కదా” అంది. “లోపల ఉండాడు. ఆయప్పకు సెప్పు.”

మునిరత్నం రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. మగ్గం అమ్మేశారు. అముద సంపాదనతోనే ఇల్లు నడుస్తోంది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన రాట్నం ఆపి విన్నాడు. తర్వాత అడిగాడు.

“ఆ ఇంగ్లీషు మాటకు ఆగమని కూడా అర్థం ఉంటాదేమో కదా సిస్టరమ్మా?”

ఆయన ఎందుకు అలా అడిగాడో నాకు అర్థమైంది. ఉంటుందని చెబితే ఆయనకు కాస్త తేలిక. నాకూ తేలికే.

“లేదప్పా. ఒకే అర్థం. వద్దని.”

ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు. “ఈమె కష్టం తింటా ఈమెనే తిట్టినా. తాగిన పొద్దు తిట్టినా, తాగని పొద్దూ తిట్టినా. మా అమ్మ సచ్చేముందు కూడా ఈమె చేత్తో నీళ్లు తాగలేదు.”

అముద పళ్లెంలో అన్నం పెట్టి ఆయన ముందు ఉంచింది.

“మా అన్న నమ్మడు” అన్నాడు మునిరత్నం. “రాసియ్యి. తెలుగులో రాసియ్యి, మేము సదువుకునేటట్ల.”

ఒక నోటుపుస్తకం కాగితం ఇచ్చారు. ఆపరేషను వద్దని అముద అనలేదు, బావ వచ్చేదాకా ఆగమని అడిగింది, వద్దంది అని రాసింది నర్సునైన నేను, అని రాసి సంతకం పెట్టాను. తెలుగులో రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన కూడబలుక్కుంటూ పైకి చదివి, అముద వైపు చాచాడు. ఆమె అందుకోలేదు. “నీ దగ్గరే పెట్టుకో. కాలెట్ల పోయిందని అడిగేవాళ్లు నిన్నే కదా అడుగుతారు” అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

బస్టాండు వైపే షెడ్డు కాబట్టి నాతోపాటు నడిచింది. మలుపు దగ్గర ఆగి, కోపం లేని గొంతుతో అంది.

“ఆ పొద్దు మా బావ అరుస్తా ఉంటే నేను ఆయన్ను సూడలేదు సిస్టరమ్మా. నీ మొగమే సూస్తా ఉన్నా. ఆ వార్డులో నా మాట యిన్న మనిషివి నువ్వొక్కదానివే. సిస్టరమ్మ సెప్తాదిలే, ఇంగ సెప్తాదిలే అని సూస్తా ఉన్నా.”

షెడ్డుకు టైమైందని వెళ్లిపోయింది.

ఆమె నా ముఖం చూస్తోందని ఆ రోజు నాకు తెలియదు. నేను తల ఎత్తలేదు.